గోడెక్కిన రోకలి

అనగనగా ఒక అడవిలో, కొండ కింద రాతి గుహలో, ఒక ఎలుగుబంటి అత్తా ఒక ఎలుగుబంటి కోడలూ ఉండేవాళ్ళు. అవునర్రా, ఎలుగుబంట్లకీ అత్తాకోడళ్ళు ఉంటారు. నవ్వింది చాలు, వినండి.

అత్త పేరు బూరెలమ్మ. కోడలి పేరు సంపెంగి. సంపెంగి మొగుడు తేనె కోసం పై కొండకి వెళ్ళాడు. పది రోజులకి గానీ రాడు. అందుకని ఇంట్లో వీళ్ళిద్దరే.

సంపెంగి చేతులు ఊరుకునేవి కావు. ఎండిన కాయ కనబడితే దానికి రంగు పూసేది. పాత తాడు దొరికితే జడలా అల్లి గుమ్మానికి కట్టేది. "ఎంత పనిమంతురాలమ్మా!" అని అడవిలో వాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. ఎవరైనా మెచ్చుకున్నారంటే సంపెంగికి ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

ఆ ఇంట్లో మూడు పాత వంట సామాన్లు ఉండేవి. అరిగిపోయిన రోకలి ఒకటి, బూరెలమ్మ మంచం పక్కన మూలకి ఆనించి ఉండేది. మూతి విరిగిన ఆవకాయ జాడీ ఒకటి, వంటింటి గడప పక్కన. వంకర పోయిన ఇనప పెనం ఒకటి, వీధి గుమ్మం పక్కన మేకుకి. ఆ రోకలితో ఎవరూ దంచరు. ఆ జాడీలో ఎవరూ ఏమీ పెట్టరు. ఆ పెనం మీద అట్టు వేస్తే సగం మాడుతుంది, సగం పచ్చిగా ఉంటుంది.

"ఇవన్నీ ఎందుకు దాస్తారో ఈవిడ!" అని విసుక్కునేది సంపెంగి.

ఎందుకో మీకు చెప్తాను. సంపెంగికి తెలియదు, మీరూ చెప్పకండి. బూరెలమ్మకి రెండేళ్ళుగా కళ్ళు కనబడవు. వెలుతురేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. పొద్దున్నే లేచి చెయ్యి చాస్తే రోకలి తగిలేది. అక్కడ కుడివైపు తిరిగితే వంటిల్లు. నాలుగడుగులు వేస్తే కాలికి జాడీ తగిలేది. గడప వచ్చేసిందన్నమాట. ఎప్పుడైనా దారి తప్పి చేతికి పెనం తగిలితే, "అమ్మో, ఇది వీధి గుమ్మం! దాటితే కింద వాగే!" అని వెనక్కి తిరిగేది. ఆ మూడింటినీ పట్టుకునే ఇల్లంతా తిరిగేది. పొయ్యి రాజేసేది, అంబలి కాచేది. ఎవరికీ అనుమానమే రాలేదు.

మరి కోడలికి ఎందుకు చెప్పలేదూ అంటారా? వస్తున్నా, ఆగండి.

ఒకరోజు బూరెలమ్మ చెల్లెలు వచ్చింది. "అక్కా, మా ఇంట్లో రెండు రోజులుండి వద్దువుగాని, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అత్త అటు వెళ్ళగానే ఇటు సంపెంగి నడుం బిగించింది.

రోకలికి ఎర్రగా జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టింది. దానికి గురివింద గింజల దండలు కట్టి, పైన గోడకి అడ్డంగా వేలాడదీసింది. జాడీ నిండా మట్టి పోసి, తీగ మొక్క నాటి, ఎత్తున ఉన్న రాతి అరలో పెట్టింది. పెనాన్ని తోమి తోమి మెరిపించింది. నడుమ తెల్లటి తామరపువ్వు వేసింది. అంచు చుట్టూ గరిక తాడు అల్లి, ఎదురుగోడకి ఎక్కించింది.

పక్క చెట్టు మీద కొండముచ్చు మంగాయమ్మ కాపురం ఉంటుంది. ఆవిడ తొంగి చూసింది.

"అబ్బ! ఎంత బాగుందే సంపెంగీ! ఇవి పాత సామాన్లంటే ఎవరైనా నమ్ముతారా? అవునూ, మీ అత్తగారిని అడిగావా?"

"అడిగితే వద్దంటారు పిన్నీ. చేసేశాక చూస్తే మురిసిపోతారు."

"ఒక్క మాట అడిగితే పోయేదేముందే?"

"మీరుండండి పిన్నీ! ఎవరికీ పనికిరాని సామానుకి కాస్త అందం తెచ్చాను. దానికి అడగడం కూడానా?" అంది సంపెంగి మూతి తిప్పుకుంటూ.

మూడో రోజు మధ్యాహ్నం బూరెలమ్మని ఆవిడ చెల్లెలు గుమ్మంలో దింపి వెళ్ళింది. అప్పటికే మంగాయమ్మా, నెమలీ, కుందేలూ వచ్చి గోడలు చూస్తూ ముక్కున వేలేసుకుంటున్నారు.

"అత్తయ్యా, చూడండి! ఎలా ఉంది?" అని సంపెంగి గంతులేసింది.

బూరెలమ్మకి ఏం చూడాలో తెలియదు, ఎటు చూడాలో తెలియదు. ఏమీ లేని ఉత్త గోడవైపు తిరిగి, "అబ్బో! భలే ఉందమ్మాయ్, చాలా బాగుంది!" అంది.

అందరూ పకపకా నవ్వారు. "మీ అత్తగారికి వేళాకోళం ఎక్కువే!" అన్నాడు కుందేలు. సంపెంగి మొహం మాత్రం మాడిపోయింది. రెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుంటే ఈవిడ కన్నెత్తయినా చూడలేదు, నచ్చలేదు కాబోలు, అనుకుంది. అనుకుంది గానీ అడగలేదు. చూశారా, ఈసారీ అడగలేదు!

ఆ సాయంత్రం మంగాయమ్మ చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెడితే, నడిచొచ్చిన అలసటతో బూరెలమ్మ అలాగే నిద్రపోయింది. మర్నాడు తెల్లారాక సంపెంగి నేరేడు పళ్ళు ఏరుకురావడానికి వెళ్ళింది. బూరెలమ్మ లేచి చెయ్యి చాచింది. రోకలి లేదు. ఇంకాస్త చాచింది. లేదు. సరే, ఇటేలే అనుకుని తిరిగింది. నాలుగడుగులు వేసింది, ఐదు, ఆరు. జాడీ తగల్లేదు. "ఎక్కడున్నానురా దేవుడా!" అని తడుముకుంటూ నడిచింది. పెనమూ తగల్లేదు. కాసేపటికి కాళ్ళ కింద నేల చల్లగా, జారుడుగా తగిలింది. పాపం, అప్పటికే గుమ్మం దాటేసింది. వానాకాలమేమో, మబ్బు కమ్మి బయటా వెలుతురు లేదు; కింద వాగు పొంగి పోతోంది, దాని హోరు అన్ని వైపులా ఒక్కలాగే వినబడుతోంది.

సంపెంగి తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. పొయ్యి రాజలేదు. గుమ్మం బయట బురదలో అడుగులు వాగు వైపు దిగి ఉన్నాయి. పళ్ళబుట్ట అక్కడే పడేసి పరిగెత్తింది.

బూరెలమ్మ ఒక కాలు గట్టు మీద, ఒక కాలు నీళ్ళలో పెట్టి నిలబడి ఉంది.

"అత్తయ్యా! కదలకండి!"

వాగు హోరులో ఆ కేక వినబడలేదు. గట్టు ఎటుందో తెలియక బూరెలమ్మ రెండో కాలు కూడా ఎత్తింది. సంపెంగి ఒక్క దూకు దూకి, నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో చతికిలబడ్డారు.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా, సంపెంగిని!"

"హమ్మయ్య! నువ్వా తల్లీ!" అని బూరెలమ్మ కోడల్ని గట్టిగా వాటేసుకుంది.

"అన్ని నీళ్ళు కనబడలేదా అత్తయ్యా?"

బూరెలమ్మ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. తర్వాత, "కనబడవే. రెండేళ్ళయింది" అంది.

"అయ్యో! మరి చెప్పరేం?"

"చెప్తే పొయ్యి దగ్గరికి రానిస్తావా? మంచం మీద కూర్చోబెట్టి ముద్ద చేతికిస్తావు. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదమ్మాయ్. ఆ రోకలీ, జాడీ, పెనం పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

సంపెంగి బావురుమంది. "మిమ్మల్ని నేనే వాగులోకి తోసినట్టయింది అత్తయ్యా! ఒక్క మాట అడిగితే అయిపోయేది!"

"నేనూ ఒక్క మాట చెప్పాల్సింది. ఊరుకో ఊరుకో, ఇద్దరం గట్టు మీదే ఉన్నాం కదా!" అని బూరెలమ్మ బురద చేతులతోనే కోడలి కళ్ళు తుడిచింది. మొహమంతా బురదైంది. అది తెలిసి ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఇంటికి రాగానే సంపెంగి పీట ఎక్కింది. "ఈ సోకులన్నీ ఊడదీసి, ఎక్కడివక్కడ పెట్టేస్తాను."

"ఆగవే! ఊడదియ్యకు. అడవంతా చూసింది, నేను చూడొద్దూ? దించి నా చేతికియ్యి."

సంపెంగి పెనం దించి ఇచ్చింది. బూరెలమ్మ దాని అంచు చుట్టూ మెల్లగా వేళ్ళు పోనిచ్చింది. "గరిక తాడా! జడలా అల్లావే! ఇదిగో, ఇక్కడ ఒక పాయ వదిలేశావు. మరి ఈ నడుమ ఏముంది?"

"తామరపువ్వు అత్తయ్యా. సున్నంతో వేశాను."

"సున్నం నా వేలికేం తెలుస్తుందే?"

సంపెంగి గబగబా తుమ్మ జిగురు తెచ్చింది. సున్నపు గీతల మీద గురివింద గింజలు వరసగా అంటించి, మళ్ళీ పెనం చేతికిచ్చింది. బూరెలమ్మ ఒక్కొక్క రేకూ తడిమింది. "ఆరు రేకులు! ఎంత బాగుందే అమ్మాయ్!" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

సోకులు సోకుల్లాగే ఉన్నాయి. రోకలి మూలకి వచ్చింది, జాడీ గడప పక్కకి వచ్చింది, పెనం గుమ్మం మేకుకి ఎక్కింది. బూరెలమ్మ లేచి, రోకలి తడిమి, కుడివైపు తిరిగి, నాలుగడుగులు వేసి వంటింట్లోకి వెళ్ళింది.

"తప్పుకోవే. అంబలి నేనే కాస్తాను" అంది.

సంపెంగి తప్పుకుంది.

నీతి: మనకి పనికిరాని వస్తువు పక్కవాళ్ళకి పనికొస్తూ ఉండొచ్చు. చెయ్యి వేసే ముందు ఒక్క మాట అడగాలి.