చుక్కకోడి తొమ్మిది రోజుల భక్తి

అనగనగా ఒక అడవి అంచున, తాటితోపు పక్కన, ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో ఏసు తల్లి మరియమ్మ గుడి. గుడి మీద ఒక గంట. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మోగేది. నా చిన్నప్పుడు మా అమ్మ ఈ కథ మొదలుపెట్టిందంటే ముందు నోటితోనే గంట మోగించేది, "డాం... డాం..." అని. నవ్వకండర్రా! మేమూ ఇలాగే నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ గొంతు గుర్తొస్తే ఈ కథ చెప్పుకోవడమే.

ఆ పల్లెలో శౌరమ్మ అనే ఆవిడకు ఒక కోడి ఉండేది. ఒళ్లంతా తెల్లచుక్కలు. అందుకే దాని పేరు చుక్క. శౌరమ్మ గంపలో వరిగడ్డి పరిచి, పది గుడ్లు పెట్టి, వాటి మీద సిలువ గుర్తు వేసి, చుక్కను పొదగడానికి కూర్చోబెట్టింది.

"ఇరవై ఒక్క రోజులేనే చుక్కా. కదలకు," అంది.

పదకొండు రోజులు చుక్క బుద్ధిగా కూర్చుంది. రోజుకోసారి లేచేది. నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్లు తాగి, పరుగున వచ్చేసేది.

పన్నెండో రోజున గుడిలో నవదిన ప్రార్థనలు మొదలయ్యాయి. మరియమ్మ పండుగకు ముందు తొమ్మిది రోజులు చేస్తారే, అవి. గంటగూట్లో ఉండే పావురం వచ్చి శౌరమ్మ చూరు మీద వాలింది. దానికి నోటిదురుసు ఎక్కువ.

"ఏం చుక్కా, ఇంకా గంపలోనే పడున్నావా? ఊరంతా గుడిలో ఉంది. నేనైతే ఒక్క పూజ కూడా మానను. నీలాంటిదానికి మోక్షం ఎక్కడినుంచి వస్తుందమ్మా?" అంది.

చుక్క మనసు చివుక్కుమంది. 'నిజమే. నేను చేసేదేముంది? కూర్చోవడమేగా! ఊరికే కూర్చుంటే ఎవరైనా పుణ్యాత్ములవుతారా?' అనుకుంది.

ఆ రోజు గుడికి వెళ్లి, ఒక్క పాట విని వచ్చేసింది. గుడ్లు వెచ్చగానే ఉన్నాయి.

రెండో రోజు పూజ అయ్యేదాకా ఉంది. గుడ్లు కాస్త చల్లబడ్డాయి. "ఏం కాదులే," అనుకుంది.

మూడో రోజు పూజ అయింది. జపమాల అయింది. అందరూ ఇళ్లకు వెళ్లారు. చుక్క మాత్రం మరియమ్మ స్వరూపం ముందు కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం గంట కూడా మోగింది. అయినా లేవలేదు.

గుమ్మంలో ఒక ముసలి మేక పండుగకు కట్టిన బంతిపూల తోరణం నములుతోంది. అదీ శౌరమ్మదే. పది ఈతలు ఈనిన మేక.

"ఏమే చుక్కా, నీ గుడ్ల మీద ఎవరున్నారే?" అని అడిగింది.

"ఎవరూ లేరు మేకత్తా. దేవుడికి దగ్గరవుదామని వచ్చాను."

మేకకు ఒళ్లు మండిపోయింది. "పిచ్చిమొహమా! ఆ గంట ఎవరికోసం మోగిందనుకున్నావు? గుడిలో ఉన్నవాళ్లకు గంటెందుకే? పొలంలో ఉన్నవాళ్లు, పొయ్యి దగ్గరున్నవాళ్లు, చంటిబిడ్డ పక్కనుంచి లేవలేనివాళ్లు, ఉన్నచోటే ఆగి దండం పెట్టుకోవాలని! ఏదీ, ఒకసారి తలెత్తి చూడు. మరియమ్మ చేతుల్లో ఏముంది?"

చుక్క చూసింది. "బిడ్డ," అంది.

"ఎప్పుడైనా కిందికి దించిందా?"

చుక్కకు గంపలోని గుడ్లు గుర్తొచ్చాయి. రెక్కలు కొట్టుకుంటూ, పడుతూ లేస్తూ, ఇంటికి పరుగు తీసింది. గంపలో గుడ్లు రాళ్లలా చల్లగా తగిలాయి. "అయ్యో, నా బిడ్డల్లారా!" అని ఏడుస్తూ ఒక్కొక్కదాన్నీ పొట్ట కిందికి లాక్కుంది. లోపల ప్రాణం ఉందో పోయిందో తెలియదు.

మర్నాడు పావురం మళ్లీ వచ్చింది. "రావా?" అంది.

"నువ్వెళ్లు. నా తరఫున కూడా ఒక దండం పెట్టు. నా పని ఇక్కడుంది," అంది చుక్క.

గంట మోగినప్పుడల్లా అది గంపలోనే తల వంచేది. "అమ్మా మరియమ్మా, వీళ్లను బతికించు," అనేది. ముక్కుతో గుడ్లను మెల్లగా తిప్పేది. గుడిలో కళ్లు మూసుకుంటే రాని ప్రార్థన ఇక్కడ దానంతటదే వచ్చింది. ఎంత భయంగా ఉన్నా, కడుపు కింద వెచ్చదనం తగిలితే ప్రాణానికి హాయిగా ఉండేది.

పండుగ రోజు వచ్చింది. పూజ గంట మోగుతుండగా ఒక పెంకు చిట్లింది. "కీచ్!" ఇంకొకటి. ఇంకొకటి. సాయంత్రానికి ఏడు పిల్లలు! మూడు గుడ్లు అలాగే ఉండిపోయాయి. చుక్క వాటి మీద ఇంకో రోజు కూర్చుంది. చివరికి శౌరమ్మే వచ్చి వాటిని తీసేసింది. ఆ మూడింటినీ చుక్క బతికినన్నాళ్లూ మరచిపోలేదు.

తర్వాతి ఆదివారం చుక్క గుడికి వెళ్లింది, ఏడుగురినీ వెంటేసుకుని. అబ్బో, ఆ నడక చూడాలి! మేక నమలడం ఆపి మరీ చూసిందట.

ఇక్కడికొచ్చేసరికి నాకు మా అమ్మే గుర్తొస్తుంది. మా తాతయ్య మంచాన పడ్డ ఆరేళ్లూ ఆమె రోజూ జరిగే పూజకు వెళ్లలేకపోయింది. గంట మోగితే గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, సిలువ గుర్తు వేసుకునేది. తర్వాత తాతయ్యను లేపి కూర్చోబెట్టి, నవ్వుతూ జావ తాగించేది. ఆ నవ్వు చూస్తూ పెరిగానర్రా నేను. ఎంత సంతోషంగా ఉండేదో ఆ ఇల్లు!

నీతి: దేవుడు నీ రెక్కల కింద పెట్టినవాళ్లను ప్రేమగా చూసుకో. పవిత్రతా, అసలైన ఆనందమూ అక్కడే దొరుకుతాయి.