దళవాయి గారి మూర

రాజుగారి డేరాకని నేతగాడు సోమన్న ఇరవై మూరల గుడ్డ నేశాడు. తాటిచెట్టంత దళవాయి కొలువులో దాన్ని తన చేత్తో కొలిచి, "పద్దెనిమిదే! ఈ దొంగ చెయ్యి నరకండి" అన్నాడు.

సోమన్న తల్లి గవరమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, ఈ రాజ్యంలో మూరంటే మీ మూరేనా?"

"నాదే. ఏం, అనుమానమా?"

"లేదు బాబయ్యా. మీరు కట్టించిన నూరు మూరల కోటగోడను పొట్టి మేస్త్రీ కొలిచాడట కదా. దాన్నీ ఓసారి మీ చేత్తోనే కొలవండి."

రాజుగారు తలెత్తి చూశారు. దళవాయి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"పని చేసినవాడి మూరే లెక్క, ప్రభూ" అని గొణిగాడు.

సోమన్న తన చేత్తో కొలిచాడు. సరిగ్గా ఇరవై.

గవరమ్మ ఆ చేతిని మోచేతినుంచి తడుముకుంటూ వచ్చి, ఐదు వేళ్లూ లెక్కపెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.