సీసాలో లేచిన నీళ్లు

ఆదివారం పొద్దున్నే సన్యాసిరావు కోపంగా వచ్చాడు. చేతిలో సంచి అరుగు మీద పెట్టి, "ఇప్పటి పిల్లలకి చదువు చెప్పడం నా వల్ల కాదు మాస్టారూ" అన్నాడు.

కూర్మినాయుడు మాస్టారు బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యారు. సన్యాసిరావు ఆయన దగ్గర చదువుకున్నవాడు. ఆయన్ని చూసే సైన్సు టీచరయ్యాడు.

"ఏమైందిరా?"

"ఏడో తరగతిలో నాగావళి అని ఒక పిల్ల. మొన్న క్లాసులో పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, సీసా బోర్లించి చూపించాను. దీపం ఆరింది, నీళ్లు లోపలికి లేచాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అది ఖర్చయిపోయింది కాబట్టి అంతమేరా నీళ్లు లేచాయి అని చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఈ పిల్ల ఇంటికెళ్లి మూడు కొవ్వొత్తులు పెట్టిందట! మర్నాడు లేచి, 'నీళ్లు ఇంకా పైకొచ్చాయి సార్. సీసా అదే, గాలీ అంతే. మరి ఆక్సిజన్ ఎక్కడి నుంచి ఎక్కువైంది?' అంది. క్లాసంతా నవ్వు."

"నువ్వేమన్నావు?"

"సరిగ్గా చేసుండవు, కూర్చో అన్నాను. కూర్చోదే! 'మూడుసార్లు చేశాను సార్' అంటుంది. పుస్తకం రాసినవాళ్లకన్నా నీకెక్కువ తెలుసా అని రెండు పీరియడ్లు ఎండలో నిలబెట్టాను. సైన్స్ ఫెయిర్ జాబితాలోంచి పేరు కొట్టేశాను. రుజువట, సీసా కూడా తెచ్చింది. లాక్కున్నాను."

సంచిలోంచి తీసి చూపించాడు. ఖాళీ పచ్చడి సీసా. దాని మీద గోళ్లరంగుతో రెండు గీతలు పెట్టి ఉన్నాయి.

మాస్టారు సీసాని అటూ ఇటూ తిప్పి చూశారు. లోపలికెళ్లి పళ్లెంలో నీళ్లూ, నాలుగు చిన్న కొవ్వొత్తులూ తెచ్చారు.

ఒక కొవ్వొత్తి వెలిగించి సీసా బోర్లించారు. దీపం ఆరింది. నీళ్లు లేచి మొదటి గీత దగ్గర ఆగాయి.

సన్యాసిరావు తల ఊపాడు. "అదే కదండీ!"

మాస్టారు సీసాని తుడిచి, ఈసారి మూడు వెలిగించారు. సీసా దించుతుంటే అంచు కిందనుంచి బుడబుడమని గాలి బయటికొచ్చింది. మూడు దీపాలూ ఆరిపోయాయి. ఆరిపోయాక నీళ్లు ఒక్కసారిగా లేచి రెండో గీతని అందుకున్నాయి.

"ఆ బుడగలు ఎప్పుడైనా చూశావా? దీపాలు ఆరకముందే లోపలి గాలి కొంత బయటికి పోతోంది" అన్నారు మాస్టారు.

పదిహేనేళ్లుగా సన్యాసిరావు ఏటా చేస్తున్న ప్రయోగం. అతని మొహం కందిపోయింది.

"ఇది మీరు నేర్పిందే మాస్టారూ!" అన్నాడు గొంతు పెంచి. "తొమ్మిదో తరగతిలో ఇదే పళ్లెం, ఇదే మాట. నేను సొంతంగా కల్పించానా?"

మాస్టారు సీసా ఎత్తి, లోపల లేచిన నీళ్లని పళ్లెంలోకి వదిలేశారు.

"నేర్పాను. ముప్ఫయ్యేళ్లు నేర్పాను. అన్నేళ్లలో ఒక్క పిల్ల కూడా లేచి నన్నీ మాట అడగలేదంటే, నేను వాళ్లనేం చేసినట్టురా?"

ఆ మాట సన్యాసిరావు మీద కోపంతో అన్నది కాదు. మాస్టారు లేచి చొక్కా తొడుక్కుని, సీసాని సంచిలో పెట్టారు.

"పద, ఆ పిల్ల ఇంటికి."

నాగావళి వాళ్లమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాస్టార్లిద్దరినీ గుమ్మంలో చూసి మిషను ఆపి గాభరాగా లేచింది. "మీరు రావడమేటి బాబూ! కబురెడితే పిల్లని పంపుదును కదా" అంటూ కుర్చీ లాగింది.

నాగావళి గోడవారన కూర్చుని ఉంది. లేవలేదు.

సన్యాసిరావు సంచిలోంచి సీసా తీసి ఆ పిల్ల ముందు పెట్టాడు. "నీ పేరు మళ్లీ జాబితాలో రాస్తానమ్మా."

"నాకు పేరొద్దు సార్" అంది పిల్ల. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నేను చేసిందాంట్లో తప్పేదో చెప్పండి. అది చెప్పకుండా నిలబెట్టారు."

వాళ్లమ్మ "నోర్ముయ్యే" అంది.

"అననీ అమ్మా" అన్నారు కూర్మినాయుడు మాస్టారు. కుర్చీ పక్కకి జరిపి నేల మీద, పిల్లకి ఎదురుగా కూర్చున్నారు. "తప్పు లేదు తల్లీ. తప్పు మాది. నీళ్లు ఎందుకు లేస్తాయో నాకు తెలీదు. తెలుసనుకుని చెప్పాను."

నాగావళి ఆయన మొహంలోకి నమ్మలేనట్టు చూసింది. తర్వాత లేచి వంటింట్లోంచి పళ్లెంలో నీళ్లూ, కొవ్వొత్తులూ తెచ్చి మధ్యలో పెట్టింది. అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరిపోయింది.

తలెత్తి, "సార్, ఆ కిటికీ వెయ్యండి" అంది.

సన్యాసిరావు లేచి వెళ్లి కిటికీ వేసి వచ్చి, మాస్టారి పక్కన నేల మీద కూర్చున్నాడు.