ఉప్పునీళ్ళలో బల్బు

సన్నిబాబుకి నాలుగు నెలల్నుంచి ఒకటే మంట. ఢిల్లేశు ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఒక్క ఫోన్ లేదు.

ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. ఢిల్లేశు చదువు మానేసి ఒడిశాలో చిలకా సరస్సు కాడ మేనమామ ఇంటికి, చేపల పనికి పోతుంటే, చనిపోయిన తన నాన్న అల్లిన విసురువల సన్నిబాబు తీసి వాడి చేతిలో పెట్టేశాడు. వాళ్ళ పేటలో తండ్రి అల్లిన వల ఎవడికీ ఇవ్వరు. వాళ్ళమ్మ రెండ్రోజులు వీడితో మాట్లాడలేదు.

సాయంత్రం ల్యాబ్‌లో కెమిస్ట్రీ పాపినాయుడు సార్ ఒక్కరే ఉన్నారని చూసి దూరాడు.

"సార్, పొద్దున మీరు చెప్పిన అయానిక్ బంధం మాదే. సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చినట్టు నేను వల ఇచ్చా. క్లోరిన్‌లాగ వాడు తీసుకున్నాడు. ఇప్పుడు వాడక్కడ, నేనిక్కడ. తెగినట్టే కదా? నా వల నాకు పంపించెయ్‌రా అని మెసేజ్ పెట్టేస్తా. ఇంక వాడెవడో, నేనెవడో."

"టైప్ చేసేసినావేటి?"

"చేసేశా సార్. నొక్కడమే."

సార్ రెండు గ్లాసుల్లో నీళ్ళు పోశారు. ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో ఉప్పు వేసి కలిపారు. బ్యాటరీకీ చిన్న బల్బుకీ కట్టిన రెండు కడ్డీలు పంచదార నీళ్ళలో ముంచారు.

వెలగలేదు.

"ఇది కోవలెంట్ సార్. ఎలక్ట్రాన్లు పంచుకున్న పరమాణువులు. నీళ్ళలో పడ్డా చెయ్యి వదలవు." వీడి గొంతు చిన్నదైపోయింది. "మేం ఇలా ఉండాల్సింది."

సార్ కడ్డీలు కడిగి ఉప్పునీళ్ళలో పెట్టారు.

బల్బు వెలిగింది.

"ఇందులో విడిపోయాయి సార్. సోడియం ఓపక్క, క్లోరిన్ ఓపక్క."

"ఇడిపోయినప్పుడు, తీసుకున్నది తిరిగిచ్చేసిందేటి?"

సన్నిబాబు ఆలోచించాడు. "లేదు సార్. దాని దగ్గరే ఉంచుకుంటది. సోడియంకి ఆ ఒక్కటి ఎప్పుడూ తక్కువే."

"మరి వెలుగెక్కడిది?"

"ఆ తక్కువైందీ, ఈ ఎక్కువైందీ... అవి కదుల్తున్నాయి కదా సార్."

సన్నిబాబు ఉప్పునీళ్ళ గ్లాసు మీదికి వంగాడు.

"తిరిగిచ్చేస్తే బాగుణ్ణు కదా సార్ సోడియంకి?"

"నీళ్ళలో ఒట్టి సోడియమా?" సార్ నవ్వారు. "భగ్గుమని తగలడిపోద్దిరా."

సన్నిబాబు ఆ గోళీకాయంత వెలుగు వైపు చాలాసేపు చూస్తూ కూచున్నాడు.

"సార్, చిలకా సరస్సుకి ఏ రైలెక్కాలి?"