అద్దాలు కడిగిన నూకాలు

అనగా అనగా, పట్నానికి ఇంకా పట్నమని పేరు రాని రోజులు. మేడ పక్కన మేడ లేస్తోంది, వీధి పక్కన వీధి పుడుతోంది. ఆ మేడలకి గంపలతో సున్నం మోసినవాళ్లలో నూకాలు అనే ఆవిడ ఉండేది. మేడ లేచాక కట్టించినవాడి పేరు చెప్పుకుంటారు గానీ, సున్నం మోసినదాని పేరు ఎవరికి కావాలి? నూకాలు పేరు నిలిచింది వేరే సంగతి వల్ల. చెబుతాను వినండి.

నూకాలుకి మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండో బిడ్డా పురిట్లోనే పోయింది. మూడోదైనా దక్కాలని, పుట్టగానే చేటెడు తవుడికి పొరుగామెకి అమ్మి, మళ్లీ తవుడిచ్చి కొనుక్కుని, తవిటమ్మ అని పేరు పెట్టుకుంది. పిల్ల నల్లగా నిగనిగలాడేది. జుట్టు ఇంకా నలుపు. మొగుడు లేని నూకాలుకి ఆ పిల్లే లోకం. పని దగ్గర మిగిలిన సున్నం గిన్నెడు గిన్నెడు తెచ్చి గుడిసె గోడకి పూసేది. ఆ సందు మొత్తానికి తెల్లగోడ అదొక్కటే.

ఒకనాడు ఆ సందు కొట్టేసి పెద్ద సర్కారు కచేరీ కడతామన్నారు. కొట్టకముందు ఎలా ఉందో, కట్టాక ఎలా ఉంటుందో బొమ్మలు తీసిపెట్టమని దొరలు ఫొటోల పంతులుగారిని పంపారు. ఆయన మూడుకాళ్ల పెట్టె నిలబెట్టి, "నూరు లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు" అన్నాడు. కదలకుండా ఉండడం మనవాళ్ల తరమా? ఒకడు దగ్గాడు. ఒకావిడ దోమని కొట్టింది. ఒక ముసలాయన అసలు లేచి చుట్ట తెచ్చుకోడానికే పోయాడు. తవిటమ్మ మాత్రం గోడ పక్కన కొయ్యలా నిలబడింది. అమ్మ కదలొద్దని చెప్పింది మరి.

పంతులు పెట్టెలోంచి బొమ్మ పడిన గాజు అద్దం తీసుకుని, తన చీకటి గుడారంలోకి వెళ్లి మందునీళ్లతో కడుక్కుని వచ్చి నవ్వాడు. "కదిలినవాళ్లంతా కరిగిపోయారు. అద్దం మీద నిలిచింది నూకాలు కూతురొక్కతే."

సందు కూలింది. జనాన్ని ఉప్పుటేరు పక్క బురదలోకి తోలారు. మొదటి వానకి పాక కారింది. రెండో వానకి పిల్లకి జ్వరం వచ్చింది. మూడో వానకి తవిటమ్మ పోయింది. ఏడేళ్ల పిల్ల. తవుడిచ్చి కొనుక్కున్నా దక్కలేదు.

సందు ఉన్నచోట కచేరీ లేచాక ఒకనాడు నూకాలు పంతులుగారి గుమ్మంలో నిలబడింది. "బావూ, మా గుంట తవిటమ్మ మీ అద్దం మీద ఉండిపోనాదన్నారు కదా. ఆ అద్దం ఇప్పించండి. దాని ముకం మరిసిపోతానేమోనని బయ్యంగా ఉంది."

పంతులు చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. రోజుకో మేడ లేస్తుంటే రోజుకో బొమ్మ తీయాలి. మూలనున్న మూడు గంపలు చూపించాడు. "గుడిసెల బొమ్మలు పడిన అద్దాలన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేదు. నీ పిల్లది దొరికితే పట్టుకుపో. మిగతావి తోమి కడిగి పెట్టు, మళ్లీ వాడుకుంటాను."

నల్లని పిల్ల, నల్లని జుట్టు, తెల్లని గోడ. నూకాలు అదే అనుకుంటూ గంప ముందు కూర్చుంది. రోజూ వచ్చి ఒక్కొక్క అద్దమే వెలుతురుకి పట్టి చూసి, కడిగి పెట్టేది. ఆకాశం నల్లగా ఉండేది. పంతులు మబ్బు పట్టిన రోజునే బొమ్మలు తీస్తాడు కాబోలనుకుంది. మసక మసగ్గా కనిపించే మనుషులు తెల్లగా ఉండేవారు. దొరలనుకుంది. గుడిసెల్లో దొరలేమిటని మీరడగొచ్చు. సందులు కొట్టించడానికి వచ్చేది వాళ్లే కదా.

మొదటి గంపలో ఒక అద్దం మీద, నల్లగోడ పక్కన ఒక పొట్టి ముసలమ్మ నిలబడి ఉంది. ఒళ్లు తెలుపు, తల ముగ్గుబుట్ట. ఎవరో దొరసాని తల్లి అనుకుంది నూకాలు. "తప్పుకో తల్లీ, నా గుంటని ఎతుక్కోవాల" అని మర్యాదగానే చెప్పి, బూడిదా పీచూ పెట్టి తోమేసింది.

నల్లని పిల్ల, నల్లని జుట్టు, తెల్లని గోడ. రెండో గంపలో లేదు. నల్లని పిల్ల, నల్లని జుట్టు, తెల్లని గోడ. మూడో గంపలోనూ లేదు.

"నేదు బావూ" అంది.

"లేకపోవడమేమిటి? నా చేత్తో నేనే వేశాను." పంతులు ఆ పొద్దున తీసిన కచేరీ అద్దం తెచ్చాడు. "ఇలాంటివన్నీ చూశావా?"

"ఇది నల్ల కచేరీ బావూ. మన కచేరీ తెలుపు కదా."

పంతులు నవ్వి, బొమ్మ తీసేటప్పుడు తాను నెత్తిన కప్పుకునే నల్లగుడ్డని అద్దం వెనక పెట్టాడు. కచేరీ తెల్లగా, నిజం కచేరీలాగే కనిపించింది. "అద్దం మీద అంతా తారుమారుగా పడుతుంది. ఇలా పెట్టి చూడాలి. తెలీదూ నీకు?"

"మరయితే నల్ల గుంట ఎలాగుంటాది బావూ?"

"తెల్లగా."

"దాని జుట్టు?"

"అదీ తెల్లగానే. ముసలమ్మ జుట్టులా."

"తెల్ల గోడ?"

"నల్లగా."

మూడు మాటలు అడిగింది, మూడు మాటలు విన్నది. నూకాలు తన చేతులకేసి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా బూడిద ఉంది. పిల్లని జ్వరం ఒకసారి తీసుకుపోయింది, రెండోసారి తానే తుడిచేసింది. ఆ బాధ ఏ తల్లికీ వద్దు.

"నాకెవులూ సెప్పనేదు బావూ" అంది.

పంతులు తనకి ఊపిరి పీల్చినంత మామూలు సంగతి లోకమంతటికీ తెలుసనుకున్నాడు. కడిగిన అద్దాలన్నీ అప్పటికే వాడేశాడు. తవిటమ్మ నిలబడిన అద్దం మీద ఇప్పుడు కచేరీ ఉందో, గడియార స్తంభం ఉందో ఆయనకే తెలీదు. గుడిసె మీద మేడ లేచింది, అద్దం మీదా మేడే లేచింది.

నూకాలు మళ్లీ సున్నం మోయలేదు. పంతులిచ్చిన నల్లగుడ్డ ముక్క పట్టుకుని పట్నమంతా తిరిగింది. కిటికీ అద్దమా, లాంతరు చిమ్నీయా, మందు సీసానా, కనపడిన గాజుకల్లా వెనక గుడ్డ పట్టి చూసేది. "ఉన్నావేటమ్మా?" అనేది. కొందరు పిచ్చిదన్నారు, కొందరు తరిమారు, కొందరు ఇంత గంజి పోశారు. మూడేళ్లు అలా తిరిగి, ఒక మిట్టమధ్యాహ్నం కచేరీ మెట్ల మీద పడుకున్నది మరి లేవలేదు. ఆవిడ బొమ్మ ఎవరూ తీయలేదు.

ఇప్పటికీ ఆ పట్నంలో అద్దాలు తుడిచే ఆడవాళ్లు తుడవబోయే ముందు వెనక నల్లగుడ్డ పట్టి చూస్తారు. గుడ్డ లేకపోతే జడ పట్టి చూస్తారు. "ఉన్నావేటమ్మా?" అని అడిగి కాసేపు ఆగుతారు. ఇంతవరకూ ఒక్క అద్దంలోంచీ ఎవరూ పలకలేదు. అప్పుడు నీళ్లు పోస్తారు.