రాజుగారి ఒళ్ళో నిద్ర

ఎక్కడో కొండల నడుమ కంచుకోన అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే వీరభోజుడికి డాబు ఎక్కువ. ఆయన తుమ్మినా బాకా ఊదాల్సిందే.

కోటలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల కోసం వెనకటి రాణిగారు ఒక ఉయ్యాల సావిడి కట్టించారు. నూకాలవ్వ అక్కడ చంటిపిల్లల్ని చూసుకునేది. పక్కనే బడి. చిన్నవాళ్ళు సావిడిలో, పెద్దవాళ్ళు బడిలో ఉంటే తల్లులు నిశ్చింతగా పని చేసుకునేవారు.

ఉన్నట్టుండి రాజుగారికి పావురాల పిచ్చి పట్టింది. వాటికి చోటు కావాలి.

"పిల్లల్ని పెంచడం తల్లుల పని గానీ రాజ్యం పనా ప్రభూ? ఆ సావిడి ఖాళీ చేయిస్తే సరి" అన్నాడు మంత్రి దండపాణి.

"అవును మరి! మా తాతలు కత్తులు ఊపారు గానీ ఉయ్యాలలు ఊపలేదు" అని రాజుగారు మీసం దువ్వారు.

నూకాలవ్వని పొమ్మన్నారు. చంటివాళ్ళని ఎత్తుకోడానికి ఇళ్ళల్లో అక్కలు బడి మానేశారు. బడి బోసిపోయింది. పిల్లలు రాని బడికి పంతులెందుకని మంత్రి ఆయన్నీ పంపేశాడు.

సభలో అందర్నీ నవ్వించే కూర్మన్నకి మాత్రం ఆనాటినుంచి నవ్వు రావడం లేదు. రోజూ దారిలో చిలకమ్మ కనిపించేది. రాజుగారికి వింజామర వీచే బంగారమ్మ పెద్దకూతురు. ఒకప్పుడు పద్యం వల్లిస్తూ గెంతుకుంటూ బడికి పోయే పిల్ల, ఇప్పుడు చెల్లెల్ని చంకనేసుకుని ఓ పక్కకి ఒరిగి నడుస్తోంది.

"ఏదీ, ఓ పద్యం చెప్పవే" అన్నాడు ఒకరోజు.

"మర్చిపోయాను మావా" అంది చిలకమ్మ.

ఆ మాట కూర్మన్న గుండెలో ముల్లులా దిగింది.

ఇంతలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. ఆనాడు రాజు ప్రజల బిడ్డని ఒకర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తేనె నాకించడం ఆచారం. ఆ వంశానికి ఇంకో కట్టుబాటూ ఉంది. వాళ్ళ మూలపురుషుడు పసిగుడ్డుగా పొదలో నిద్రపోతుంటే శత్రువులు చూడకుండా దాటిపోయారట. అందుకని పడుకున్న పసిబిడ్డని ఎవరూ లేపకూడదు, కదపకూడదు. ఎవరి ఒళ్ళో నిద్రపోతే వాళ్ళు, అది లేచేదాకా అలా కూర్చోవలసిందే.

కూర్మన్న నూకాలవ్వ గుడిసెకి పోయాడు. అవ్వ మూట కట్టుకుంటోంది.

"ఏటి అవతల ఊళ్ళో పిల్లల్ని చూసే పని ఉందంట నాయనా. కూర్చుంటే గడుస్తుందా?"

"పోదువుగానిలే అవ్వా. పోయేముందు చిలకమ్మ చెల్లెలికి ఒక్కసారి నీళ్ళు పోసిపో."

అవ్వ ఎందుకని అడగలేదు. కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె మర్దించి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టింది.

"కడుపు నిండా పాలు పట్టి తీసుకుపో. ఇక నగారా మోగినా లేవదు" అంది. అని, పిల్ల అరికాలు ఒకసారి ముద్దు పెట్టుకుంది.

కూర్మన్న ఆ పిల్లని సభకి తెచ్చి రాజుగారి ఒళ్ళో పెట్టాడు. రాజుగారు తేనె నాకించారు. పిల్ల చప్పరించింది, ఆవులించింది, రాజుగారి ఉత్తరీయం గుప్పిట పట్టుకుని నిద్రపోయింది.

మంత్రి ఎత్తుకోబోయాడు.

"ఆగండాగండి! వంశం కట్టుబాటు!" అన్నాడు కూర్మన్న.

మంత్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తేనె వేడుక ముగిసి రాజు లేచేదాకా సభలో ఎవరూ కూర్చోకూడదు, విందు ముట్టకూడదు. బూరెలు చల్లారిపోయాయి. పొరుగు రాజ్యపు దూతలు గుమ్మంలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. మధ్యాహ్నం దాటింది. రాజుగారి పట్టుపంచె ఉన్నట్టుండి వెచ్చగా తడిసింది.

"కూర్మన్నా, కాలు తిమ్మిరెక్కిందిరా" అన్నారు రాజుగారు గుసగుసగా.

"బాకా ఊదించమంటారా ప్రభూ?"

"నోర్ముయ్, లేస్తుంది!"

పిల్ల కాస్త కదిలింది. రాజుగారు తనకి తెలియకుండానే మోకాలు ఊపుతూ, "జో జో" అన్నారు.

"తాతలు ఊపనిది తమరు ఊపుతున్నారు!" అన్నాడు కూర్మన్న.

రాజుగారికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి పిల్ల లేచి కేరుమంది. సభంతా అమ్మయ్య అని కూలబడింది.

"గడుగ్గాయివిరా! ఈ పూట ఒక్క పనీ సాగలేదు."

"ఇది తమ ఒళ్ళో ఒక్క పూటే ఉంది ప్రభూ. దీని అక్క చిలకమ్మ ఒళ్ళో రోజూ ఉంటుంది. తమరు లేస్తే విందుకి పోతారు. ఆ పిల్ల లేచి పోదామన్నా బడి లేదు."

వెనక బంగారమ్మ చేతిలో వింజామర ఆగిపోయింది. రాజుగారు మెడలో హారం తీసి కూర్మన్న మెడలో వేశారు. పావురాల్ని ఎగరేయమన్నారు. సావిడి, బడి తెరవమన్నారు.

"అంత హాయిగా నిద్రపుచ్చిన చెయ్యి ఎవరిదిరా?"

"ఆ చెయ్యికి పని లేదని తమరే పంపేశారు ప్రభూ."

పంతులు కబురందగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. అవ్వ ఏ ఊరు పోయిందో తెలిసేసరికి నెల దాటింది. ఆమె కోసం కూర్మన్న స్వయంగా బండి కట్టించుకుని ఏరు దాటాడు. ఆ ఊళ్ళో అరుగు మీద అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద ఎవరిదో పిల్లాడు. చుట్టూ ఇంకొందరు.

"రాజుగారు రమ్మన్నారు అవ్వా. సావిడి తెరిచారు."

అవ్వ ముఖం వెలిగింది. అంతలోనే కాళ్ళ మీది పిల్లాణ్ణి చూసుకుంది.

"వీళ్ళు నాకు అలవాటయ్యారు నాయనా. పిల్లల్ని వదిలి రావడం ఒకసారి అయింది. రెండోసారి నావల్ల కాదు." మళ్ళీ తనే అడిగింది. "మన చిలకమ్మ బడికి పోతోందా?"

"పోతోంది. పద్యాలు మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటోంది."

"పోనీలే" అని అవ్వ చెంబుతో నీళ్ళు ముంచుకుంది.

ఖాళీ బండి కోటకి తిరిగొచ్చింది. కూర్మన్న జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ పూట రాజుగారు నవ్వించమని అడగలేదు.