కవల వెలుగులు ఒక్కసారే ఎందుకొస్తాయి?

ఒకప్పుడు కవల వెలుగులు ఒకదాని తర్వాత ఒకటి పుట్టింటి గడప దాటేవి.

ఆ పుట్టిల్లు స్ఫటికం అవ్వది. అవ్వ పేరున్న మంత్రసాని. నీలిరవ్వ, అంటే నీలిరంగు వెలుగు చుక్క, ఒకతె ఆమె ఇంట్లోకి వెళ్లిందంటే కవలలుగా రెండు ఎర్రరవ్వలు పుట్టేవి. తల్లి మాత్రం మిగిలేది కాదు, పాపం. తన బలమంతా పిల్లలిద్దరికీ పంచేసేది.

అలా పోతూ పోతూ ఒక నీలిరవ్వ, "అవ్వా, నా పిల్లలిద్దరూ చూపులకోట చేరాలి. ఒక్కతె కూడా చీకటి పాలు కాకూడదు" అంది.

"నేను లేనూ? నిశ్చింతగా ఉండు" అంది అవ్వ.

పెద్దది కెంపి. చిన్నది చెంగావి. అవ్వకో ఆచారం ఉంది. ముందు పెద్దదానికి నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి పంపేది. ఆ తర్వాతే, తీరిగ్గా, చిన్నదాని సంగతి.

వెలుగులన్నీ చేరాల్సిన చూపులకోటకు రెండు గుమ్మాలు, గుమ్మానికో కావలివాడు. తూర్పు గుమ్మంలోంచి, కావలివాడు ఆపేలోపే, కెంపి దర్జాగా లోపలికి వెళ్లింది. చాలాసేపటికి చెంగావి పడమటి గుమ్మం చేరింది. అక్కడి కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు.

"మా అక్క లోపలుంది" అంది చెంగావి.

"అందరూ అదే చెబుతారు! చెల్లివైతే అక్కతోపాటే రావాలిగా, ఇంత ఆలస్యమెందుకు? చీకటి రోజూ దొంగరవ్వల్ని పంపుతోంది. అవీ నీలాగే మెరుస్తాయి. నిన్నెలా నమ్మేది?"

వెనక చీకటి నోరు తెరిచింది. "రావే నా తల్లీ, నా దగ్గరికి రా" అని నవ్వింది. చెంగావి బావురుమంది.

ఆ ఏడుపు విని కెంపి పరుగున వచ్చింది. మా చెల్లేనని ఎంత చెప్పినా కావలివాడు వినలేదు. కెంపికి ఒళ్లు మండింది. చెల్లి చెయ్యి పట్టుకుని తిన్నగా అవ్వ దగ్గరికి లాక్కుపోయింది.

"మా అమ్మకేం మాటిచ్చావు? నువ్వు ఆలస్యం చెయ్యబట్టే కదా ఇదంతా!" అని దులిపేసింది.

అవ్వ నొచ్చుకుంది. కానీ ఆమె బెదిరే రకం కాదు. ఇద్దరినీ గడప మీద పక్కపక్కన నిలబెట్టి, కోటదాకా వినబడేలా అరిచింది.

"ఒరేయ్ కావలివాళ్లూ! నా పిల్లలు ఒకే క్షణంలో బయల్దేరుతున్నారు. రెండు గుమ్మాల దగ్గరా ఒక్కసారే వచ్చారంటే వాళ్లు నా పిల్లలే. దొంగరవ్వలకు ఆ జత కుదరదు!"

అవ్వ చప్పట్లు కొట్టింది. ఇద్దరూ గడప దాటారు.

చీకటి గుప్పెడు దొంగరవ్వల్ని విసిరింది. తూర్పున ఒకటి ముందు పడింది, పడమట ఒకటి వెనక పడింది. కావలివాళ్లు కదల్లేదు. అంతలో "వచ్చింది!" అని తూర్పువాడు, "వచ్చింది!" అని పడమటివాడు ఒకేసారి కేకేశారు. రెండు కర్రలూ పైకి లేచాయి.

అప్పటినుంచే స్ఫటికం అవ్వ ఇంట్లో పుట్టిన కవల వెలుగులు ఒకే క్షణంలో గడప దాటుతున్నాయి. అక్క వచ్చి నిలబడిందంటే చెల్లీ బయల్దేరినట్టే. చీకటి ఎంత నోరు తెరిచినా, చెల్లి దొంగరవ్వేనని ఇక ఎవరినీ నమ్మించడం దాని వల్ల కాదు.